తెనాలి గోడ మీద మెల్‌బోర్న్ టైము

మొన్న గురువారం రాత్రి ఇంటికి చేరాం. సూట్‌కేసులు ఇంకా హాల్లోనే ఉన్నాయి. మూత తీస్తే చాలు, అరిసెల నెయ్యి వాసన ఇల్లంతా వస్తోంది. ఇప్పుడు రాసుకోకపోతే ఏ రోజు ఏం జరిగిందో కలిసిపోతుందని, రేపటి డ్యూటీ సంగతి పక్కనపెట్టి కూర్చున్నాను.

మేము మెల్‌బోర్న్ వచ్చి పదమూడేళ్ళు దాటింది. పాప, బాబు ఇద్దరూ ఇక్కడే పుట్టారు. పాపకి ఈ నెలాఖరున హైస్కూల్ మొదలు. ఒకసారి హైస్కూల్లో పడ్డాక పిల్లల్ని కదిలించడం కష్టమని అందరూ అంటారు. అందుకే ఈసారి చుట్టపుచూపుగా కాకుండా, ఇండియాలో ఉండగలమా లేదా తేల్చుకుందామని వెళ్ళాం. ఇక్కడ జనవరి చివరిదాకా స్కూళ్ళకి వేసవి సెలవులు కాబట్టి సంక్రాంతి కూడా కలిసొచ్చింది.

వెనక్కి వెళ్ళాలనే ఆలోచన నాకు 2021 మే నెలలో మొదలైంది. నాన్న ఆ నెలలో గుంటూరు ఆసుపత్రిలో పోయారు. అప్పట్లో ఆస్ట్రేలియా పౌరులు దేశం దాటాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. ఏప్రిల్ 27న ఇండియా నుంచి వచ్చే విమానాలు ఆపేశారు. మే 3 నుంచి 15 దాకా ఇండియాలో ఉన్నవాళ్ళు, పౌరులైనా సరే, తిరిగొస్తే ఐదేళ్ళ దాకా జైలు లేదా 66,600 డాలర్ల దాకా జరిమానా అన్నారు. నాన్నని తీసుకెళ్ళడం నేను ఫోన్లో చూశాను. మధ్యలో రెండుసార్లు వీడియో ఆగిపోయింది. ఆ తర్వాత ఏ రాత్రి ఫోన్ మోగినా గుండె దడే. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటోంది.

2025 జనవరి 4, హైదరాబాద్ కూకట్‌పల్లి

అత్తయ్య, మామయ్య హౌసింగ్‌బోర్డు కాలనీలో పాత ఫ్లాట్‌లో ఉంటారు. తెల్లారకముందే మామయ్య పిల్లలిద్దర్నీ లేపి టిఫిన్ బండి దగ్గరికి తీసుకెళ్ళారు. ఇడ్లీ ప్లేటు నలభై, మసాలా దోసె డెబ్బై. బండి ఆయన పెనం మీద నీళ్ళు చల్లి, చీపురుకట్టతో ఒక్క తుడుపు తుడిచి పిండి తిప్పుతుంటే మా బాబు నోరు తెరుచుకుని చూశాడు. "ఇంకోటి వెయ్యమంటావా చిన్నా?" అని ఆయన అడిగితే వాడు తెలుగులోనే "వెయ్యండి" అన్నాడు. ఇంట్లో మేం వంద సార్లు అడిగినా ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్లవాడు. ఆ ఒక్క మాటకే మామయ్య ఇంటికొచ్చేదాకా ఎదురుపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పారు.

అత్తయ్యకి ఇల్లు నడపడం నాకంటే సులువైపోయింది. ఫోన్ నొక్కితే పది నిమిషాల్లో కూరలు, పాలు, టాబ్లెట్లు. ఐదేళ్ళ క్రితం వెళ్ళినప్పుడు కరెంటు బిల్లు కట్టడానికి ఎదురింటి కుర్రాణ్ణి బతిమాలుకునేది, ఇప్పుడు కొత్తిమీర కట్టకి కూడా స్కాన్ చేసి డబ్బులు పంపిస్తోంది. నా చేతిలో నోట్లు చూసి కూరగాయలామె "చిల్లర లేదమ్మా, ఫోన్‌పే చెయ్యండి" అంది. మా ఖాతా ఆ ఫోన్‌కి కలవక, పదిహేను రూపాయల కరివేపాకుకి అత్తయ్యని పిలవాల్సి వచ్చింది.

మూడో రోజుకి బాబుకి దగ్గు పట్టుకుంది. రాత్రిళ్ళు పొడి దగ్గు. దుమ్మూ పొగా అన్నారు మందుల షాపు ఆయన. వచ్చినప్పుడల్లా ఇంతే, అలవాటైపోతుంది అన్నారు మామయ్య. అలవాటు కావడానికి ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. మెల్‌బోర్న్‌లో దిగిన మర్నాటికి దగ్గు తగ్గిపోయింది. ఈ సంగతి నా లెక్కలో చిన్నదేమీ కాదు.

జనవరి 6, 7: స్కూళ్ళు, ఫ్లాట్లు

రెండు స్కూళ్ళు చూశాం. ఒకదాంట్లో బస్సుతో కలిపి ఏడాదికి నాలుగు లక్షల ఇరవై వేలు చెప్పారు. రెండోది ఐబీ స్కూలు, అంటే అంతర్జాతీయ సిలబస్ చెప్పేది, తొమ్మిది లక్షలు. ఇద్దరు పిల్లలకి అని వేరే చెప్పక్కర్లేదు. మెల్‌బోర్న్‌లో మా పిల్లలు వెళ్ళేది గవర్నమెంట్ స్కూలు, పుస్తకాలకీ యూనిఫాంకీ తప్ప పెద్దగా కట్టేదేమీ లేదు. డాలరుకి 53 రూపాయలు వేసి లెక్క కడుతుంటే మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. వచ్చాక జీతం రూపాయల్లోనే వస్తుంది, డాలర్లలో కొలిచి లాభం లేదు.

అడ్మిషన్లు చూసే మేడమ్ మంచావిడ, ఓపిగ్గా చెప్పింది. అక్కడ డిసెంబర్‌లో ఏడాది అయిపోతే ఇక్కడ జూన్‌లో మొదలవుతుంది, మధ్యలో ఆర్నెల్లు పిల్ల ఖాళీగా ఉంటుంది. తెలంగాణలో 2018 చట్టంతో స్కూళ్ళలో తెలుగు తప్పనిసరి అయింది కాబట్టి పాప తెలుగు చదవాలి. పాప శనివారం తెలుగు బడికి నాలుగేళ్ళు వెళ్ళింది. మేడమ్ ఒక పుస్తకం చేతికిచ్చింది. వేలు కింద పెట్టుకుని, ఒత్తుల దగ్గర ఆగి ఆగి, "కృ...ష్ణా నది ఒడ్డున" అని చదివింది. నాకు కళ్ళు చెమర్చాయి.

బయటికొచ్చాక పాప అడిగింది ఒక్కటే: "ఇక్కడ నేను ఇంటికి నడిచి రావచ్చా?" మెల్‌బోర్న్‌లో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి పావుగంట నడుచుకుంటూ వస్తుంది. అదే దానికి రోజులో ఇష్టమైన పావుగంట. ఇక్కడ స్కూలు బస్సు పొద్దున ఆరూ యాభైకి, ఒక్కో వైపు గంట. ఫీజుల గురించి ఎంతసేపైనా మాట్లాడగలం. ఈ ప్రశ్నకి మాత్రం మా ఇద్దరి దగ్గరా సమాధానం లేదు.

మర్నాడు కోకాపేట. ముప్పై నాలుగో అంతస్తు నుంచి గండిపేట చెరువు కనిపించింది. 1908 మూసీ వరదల తర్వాత కట్టించి, 1920లో పూర్తయిన చెరువు అది. నాన్న హైదరాబాద్ వచ్చినప్పుడల్లా గండిపేట నీళ్ళ రుచే వేరనేవారు. ఆ ఎత్తు నుంచి చూస్తే చెరువు పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది. చదరపు అడుగు పదకొండు వేల అయిదొందలట, 2,200 అడుగులకి రెండున్నర కోట్ల పైమాటే. "మీలాంటి ఎన్నారైలే ఎక్కువ మేడమ్" అన్నాడు చూపించిన కుర్రాడు. బాల్కనీలో నిలబడితే గాలి బావుంది. కింద మనిషి అలికిడి లేదు. అమ్మ ఇక్కడ ఎవరితో మాట్లాడుతుంది?

తిరుగు ప్రయాణంలో మాటల్లో పడి రింగ్ రోడ్డు మీద దిగాల్సిన చోటు దాటేశాం. 158 కిలోమీటర్ల రోడ్డు, ఒకసారి తప్పితే మళ్ళీ ఎక్కడో గానీ దిగలేం. కొల్లూరు దగ్గర దిగాక పక్కన కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేస్తున్న ఆవిడ కనిపించింది. పిండిముద్దని అరచేతుల మధ్య తట్టుకుంటూ, చూడకుండానే గుండ్రంగా చేసి పెనం మీద వేసేస్తోంది. రొట్టె పాతిక. "ఎన్ని గావాలె అక్కా? పిల్లగాడు కారం తింటడా?" అని అడిగి, బాబుకి విడిగా కారం తక్కువున్న పచ్చడి వేసింది. దారి తప్పామంటే నవ్వి, "తప్పితేనే గదా నా తాన తిన్నరు" అంది. ఆ రెండు రోజుల్లో మా ఇంటిల్లిపాదికీ కడుపు నిండిన భోజనం అదే.

జనవరి 8: లెక్కలు

మా ఆయన తన కంపెనీ హైదరాబాద్ ఆఫీసులో మాట్లాడి వచ్చారు. చోటు ఉంది, జీతం మెల్‌బోర్న్ జీతంలో సగం కంటే కొంచెం తక్కువ. సాయంత్రం రెండు కుటుంబాల్ని కలిశాం. ఒకళ్ళు 2019లో మెల్‌బోర్న్ నుంచి వచ్చి స్థిరపడ్డారు. రెండో ఆయన తమ్ముడి కుటుంబం కూడా అప్పుడే వచ్చి పద్ధెనిమిది నెలల్లో వెనక్కి వెళ్ళిపోయింది. ఇద్దరి కథల్లోనూ తేడా తెచ్చింది డబ్బు కాదని వాళ్ళే చెప్పారు. ఉండిపోయిన ఆవిడకి ఇక్కడ తన ఉద్యోగం తనకి దొరికింది. వెళ్ళిపోయినావిడకి దొరకలేదు.

నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. హైదరాబాద్‌లో ల్యాబులకి కొదవ లేదు, జీతాలే చాలా తక్కువ. ఆ రాత్రి మా ఆయన నోట్‌బుక్‌లో రాసుకున్నవి ఇవి. వచ్చిన కొత్తలో రెండు మూడేళ్ళు ఆర్‌ఎన్‌ఓఆర్ అనే హోదా ఉంటుంది, విదేశంలో వచ్చే ఆదాయం మీద ఇండియాలో పన్ను పడదు. వెనకటి పదేళ్ళలో తొమ్మిదేళ్ళు నాన్‌రెసిడెంట్లుగా ఉంటే చాలు, మాకు వర్తిస్తుంది. మా సూపర్, అంటే అక్కడి రిటైర్మెంట్ డబ్బు, అరవై ఏళ్ళు వచ్చేదాకా ముట్టుకోలేం. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు దేశం వదిలాక తీసుకోవచ్చు గానీ పౌరులకి ఆ వీలు లేదు. కాబట్టి ఇల్లు అమ్మిన డబ్బుతోనే ఇక్కడ అన్నీ జరగాలి. కాగితం మీద జరుగుతుంది.

జనవరి 11: విజయవాడ రోడ్డు

తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాం, పండగ రద్దీ తప్పించుకుందామని. హైదరాబాద్‌లో సగం మందికి అదే ఆలోచన వచ్చింది. పంతంగి టోల్‌గేట్ దగ్గర ముందూ వెనకా చూపు ఆనినంత మేర కార్ల లైట్లే. పక్క కారులో ఒక పెద్దాయన దిగి ఒళ్ళు విరుచుకుంటూ "ఏ ఊరండీ?" అన్నారు. తెనాలి అన్నాను. "మాది రేపల్లె, ఇంకా మీకంటే ముందుకెళ్ళాలి" అని, కారులోంచి ఫ్లాస్కు తీసి గ్లాసులో కాఫీ పోసిచ్చారు. గంటంపావు ఆగిన చోట ఆ కాఫీ ఎంత బావుందో చెప్పలేను.

నందిగామలో పెసరట్టు ఉప్మా, అల్లప్పచ్చడి. విజయవాడ దాటి, మంగళగిరి దాటి, దుగ్గిరాల వైపు తిరిగాక కారు అద్దం దించాను. కాలవ పక్క రోడ్డు, అరటితోటలు, పసుపు చేలు. పాప "ఇప్పుడేంటి వాసన?" అంది. పసుపు ఆకు రుద్ది వాసన చూపించాను. మూడొందల కిలోమీటర్లకి తొమ్మిది గంటలు పట్టింది. అమ్మ మధ్యాహ్నం పన్నెండింటికి గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. "బాబూ, డ్రైవింగ్‌తో అలిసిపోయారు, ముందు కాళ్ళు కడుక్కోండి" అని మా ఆయనకి చెంబుతో నీళ్ళిచ్చింది. నన్ను చూసి ఏమీ అనకుండా చెంప నిమిరింది.

జనవరి 12, తెనాలి మారీస్‌పేట: క్యాలెండర్

అమ్మ వంటగది గోడకి వెంకట్రామా క్యాలెండర్ ఉంటుంది. నా చిన్నప్పట్నుంచీ అదే మేకు. అమ్మకి డైరీ, లెక్కల పుస్తకం, గుర్తు చేసే మనిషి అన్నీ అదే. ఒక్కో తేదీ గడిలో చీమ తలంత అక్షరాలు: పాలు ఒకటిన్నర, గ్యాస్ వచ్చింది, బీపీ బిళ్ళలు అయిపోయాయి, పనమ్మాయి రాలేదు. పక్కన ఒక అట్టముక్క మీద పెద్దంకెలతో ఫోన్ నంబర్లు. మొదట పక్కింటి పిన్నిగారు, తర్వాత ఆటో అబ్బాయి, మందుల షాపు, డాక్టరు, పాలాయన. ఆరోది నాది.

అరలు దులుపుతుంటే పోయిన ఏటి క్యాలెండర్ దొరికింది. డబ్బాల కింద పరవడానికి దాచింది. ఊరికే తిరగేశాను. ఏప్రిల్ 7 దగ్గర, అక్టోబర్ 6 దగ్గర "అమ్మాయి టైము మారు" అని ఉంది. మెల్‌బోర్న్‌లో గడియారం గంట ముందుకీ వెనక్కీ జరిపే రోజులు. ఇన్నేళ్ళలో అమ్మ ఒక్కసారి కూడా వేళ తప్పి ఫోన్ చేయలేదు ఎందుకో అప్పుడర్థమైంది.

నవంబర్ తిప్పాను. 19వ తేదీ గడిలో: "జారాను. ఎక్స్‌రే 400. పాలు లేవు."

అక్కడే కూలబడిపోయాను. ఆ రోజు నాకు గుర్తే, మంగళవారం. మధ్యాహ్నం రెండున్నరకి, అంటే మాకు రాత్రి ఎనిమిదింటికి, ఎప్పటిలానే అమ్మ వీడియోలో మాట్లాడింది. పాప పాడిన పాట విని చప్పట్లు కూడా కొట్టినట్టు గుర్తు. ఫోన్లో మెడ దాకానే కనిపించింది. ఎడమ చెయ్యి కనపడలేదు, నేనూ అడగలేదు.

పక్కింటి పిన్నిగారి దగ్గరికి వెళ్ళాను. "నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుందమ్మా, నేనేం చెయ్యను" అందావిడ. బాత్రూంలో జారితే మణికట్టు బెణికింది. ఆటో అబ్బాయి ఎత్తి కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డబ్బులు తీసుకోనన్నాడట. మందుల షాపు కుర్రాడు రాత్రి వచ్చి కట్టు సరిచేశాడు. పిన్నిగారు పది రోజులు అన్నం పంపింది. ఈ ముగ్గురిలో ఆటో అబ్బాయినీ, మందుల షాపు కుర్రాణ్ణీ నేను ఒక్కసారి కూడా చూడలేదు. సాయంత్రం ఇద్దరి దగ్గరికీ వెళ్ళాను. ఆటో అబ్బాయి, "మీ నాన్నగారు మాకు లెక్కలు చెప్పారండి, దానికి నేను ఫీజెప్పుడు కట్టాను?" అన్నాడు. పండగ బట్టలు పెడితే మాత్రం కాదనలేదు, రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకున్నాడు.

దార్లో పావు కిలో బెల్లం జిలేబీ కొన్నాను. యాభై రూపాయలు. నల్లగా, మెత్తగా, పాకం కారుతూ ఉంటుంది తెనాలి జిలేబీ. నాన్న కాగితం పొట్లంలో తెచ్చేవారు. రణరంగ చౌక్ దాకా తింటూ నడిచాం. 1942 ఆగస్టు 12న పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఏడుగురి స్తూపాలు పాప ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. వాళ్ళ పేర్లు చదవడానికి చాలాసేపు నిలబడింది. నేను తొందరపెట్టలేదు.

జనవరి 13, 14, 15

భోగి మంట వీధి మొత్తానికీ ఒకటే. పాత తలుపు, విరిగిన కుర్చీ, తాటాకులు. పనమ్మాయి కూతురు మా పాప ఈడుదే. చుక్కలు ఎలా పెట్టాలో, ముగ్గు పిండి రెండు వేళ్ళ మధ్య నుంచి సన్నగా ఎలా జారనివ్వాలో నేర్పింది. ఒకరి ఇంగ్లీషు ఒకరికి, ఒకరి తెలుగు ఒకరికి సగం సగం. మూడు రోజుల్లో పాప మోకాళ్ళ మీద కూర్చుని పదిహేను చుక్కల ముగ్గు పూర్తిచేసింది.

బాబుకి ఎనిమిదేళ్ళు, భోగిపళ్ళ వయసు దాటిపోయింది. అయినా అమ్మ వదల్లేదు. "వాడికి అయిదో ఏడు నేను చూశానా?" అని కూర్చోబెట్టి రేగిపళ్ళు, చిల్లర నాణేలు, చెరకు ముక్కలు, పూలరేకులు తల మీద పోసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పదిమందీ వచ్చారు. వచ్చినవాళ్ళని బొట్టు పెట్టి, జాకెట్ ముక్క, తాంబూలం ఇవ్వకుండా పంపకూడదు. నేను ఒకావిణ్ణి మాటల్లో పడి వట్టి చేతులతో పంపబోతే అమ్మ గేటు దాకా పరుగెత్తి వెనక్కి పిలిచింది.

పండగ నాడు కొత్త బియ్యం పొంగలి, గుమ్మడికాయ పులుసు, చిక్కుడుకాయ కూర. కనుమ నాడు గారెలు, కోడికూర. ఆ రోజే హైదరాబాద్ తిరిగిరమ్మని అత్తయ్య ఫోన్. "కనుమ నాడు కాకైనా కదలదు వదినగారూ" అని అమ్మ ఫోన్ లాక్కుని చెప్పేసింది. అత్తయ్య కూడా మారు మాట్లాడలేదు.

జనవరి 16: వేమూరు వైపు, పొలం

మాకు ఎకరన్నర మాగాణి ఉంది. పద్నాలుగేళ్ళుగా ఒకే ఆయన కౌలుకి చేస్తున్నారు. ఎకరాకి 22 బస్తాలు. బస్తా 75 కిలోలు, 2024-25 మద్దతు ధర క్వింటా 2,300 లెక్కన ఏడాదికి యాభై ఏడు వేల దాకా వస్తుంది. అమ్మకి నాన్న పెన్షన్ తోడుగా అదే ఆధారం.

ఫోన్‌లో మ్యాపు నమ్ముకుని వెళ్తే కాలవ కట్ట మీద మట్టి దారిలోకి తీసుకెళ్ళింది. ముందు గడ్డి ట్రాక్టరు, వెనక్కి తిప్పడానికి చోటు లేదు. కట్ట మీద గేదెల్ని తోలుకొస్తున్న ముసలాయన ఒకాయన కారు ముందు నిలబడి, "రానీ, రానీ, ఎడమకి కొయ్" అంటూ అరకిలోమీటరు వెనక్కి నడిపించారు. ఎవరి పొలమని అడిగితే నాన్న పేరు చెప్పాను. "మేష్టారి కూతురివా? మరి ముందే చెప్పవేం" అని గేదెల్ని మనవడికి అప్పజెప్పి మా కారులో ఎక్కి దారి చూపించారు.

కౌలుదారు గట్టు మీద తువ్వాలు పరిచి కూర్చోమన్నారు. వరి కోసిన చేలో మొక్కజొన్న మోకాలెత్తు ఉంది. పిల్లలకి కాల్చిన తేగలు ఇచ్చారు. నార తీసి, చీల్చి, లోపలి చందమామని తినడం నేర్పారు. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, నేల చూస్తూ అడిగారు: "మీరు వచ్చేస్తున్నారంటగా అమ్మా. మరి చేను మీరే చేసుకుంటారా?"

ఆ ప్రశ్న నేను అస్సలు ఊహించలేదు. మేం వస్తే సంతోషించేవాళ్ళే ఉంటారనుకున్నాను. మేం రావడం వల్ల ఒకాయనకి బతుకుతెరువు పోతుందన్న భయం ఉంటుందని తట్టలేదు. లేదని, చేను మీ దగ్గరే ఉంటుందని చెప్పాను. ఆయన తలూపారు గానీ పూర్తిగా నమ్మినట్టు లేరు. ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు, దాని మీద మేం వ్యవసాయ భూమి కొనలేం. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. అంటే ఈ ఎకరన్నర ఒకసారి అమ్మితే మళ్ళీ సెంటు కూడా కొనలేను. ఆ సాయంత్రం గట్టు మీద నడుస్తూ, ఇది ఎప్పటికీ అమ్మకూడదని మా ఇద్దరం అనుకున్నాం.

జనవరి 18: మేడ మీద

పొద్దున అమ్మ మణికట్టు డాక్టరుకి చూపించాను. కన్సల్టేషన్ 500. ఎముక బాగానే ఉంది, కాల్షియం వాడమన్నారు. బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు, జారని పట్టాలు వేయించాం. మొత్తం 3,800. ఈ పని మూడేళ్ళ క్రితమే చేయించాల్సింది.

రాత్రి మేడ మీద అప్పడాల పిండి కలుపుకుంటూ కూర్చున్నప్పుడు అడిగేశాను. "అమ్మా, మేం హైదరాబాద్ వస్తే నువ్వు మా దగ్గరికి వచ్చేస్తావా?"

"రాను" అంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అక్కడ ముప్పయ్యో అంతస్తులో నాకెవరు తెలుసు? పండక్కి వస్తా, పది రోజులుంటా. మీరు హైదరాబాద్‌లో ఉంటే ఆరుగంటల్లో వస్తారు, అది చాలు."

"మరి పడితే చెప్పవుగా."

కాసేపు మాట్లాడలేదు. పిండి ముద్ద మీద నూనె రాస్తూ, "చెప్తే ఏం చేస్తావే? అంత దూరంలో నువ్వు నిద్ర మానుకుంటావు, అంతేగా" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నా కోసం మాత్రం రావద్దు. మీ నలుగురూ ఉండగలం అనుకుంటే రండి. నా కోసమని వచ్చి, రేపు నేను పోయాక ఆ పిల్లల మొహం ఎలా చూస్తావు?"

హైదరాబాద్ తిరిగివెళ్ళే దారంతా దీని గురించే మాట్లాడుకున్నాం. మేం ఇన్నాళ్ళూ వెనక్కి రావడమంటే అమ్మ దగ్గరికి రావడమనే అనుకున్నాం. హైదరాబాద్‌కి వస్తే అమ్మకి ఆరు గంటల దగ్గరవుతాం. ఆరు గంటలంటే తక్కువేమీ కాదు, 2021లో నాకది దొరికుంటే నాన్నని చూసేదాన్ని. కానీ అమ్మ పడ్డ రోజు ఎత్తింది ఆటో అబ్బాయే, ఇక ముందైనా మొదట వచ్చేది అతనే. కాబట్టి పాపని, నా ఉద్యోగాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, ఏడాది చివర్లో మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవాలని ఒప్పుకున్నాం. అప్పటిదాకా ఊరికే ఉండడం నా వల్ల కాదు. విక్టోరియాలో ఒకే చోట ఏడేళ్ళు దాటి పనిచేస్తే లాంగ్ సర్వీస్ లీవు వస్తుంది, అరవై వారాల పనికి ఒక వారం చొప్పున. నాకు పది వారాలున్నాయి. జూన్‌లో నేనొక్కదాన్నే తెనాలి వచ్చి ఉంటాను. జూలై సెలవుల్లో పిల్లలు వచ్చి కలుస్తారు. జూన్‌లో వస్తానన్న మాట మాత్రం తెనాలి నుంచి బయల్దేరే ముందే అమ్మకి చెప్పాను.

జనవరి 20, బయల్దేరిన పొద్దు

సామాన్లు కారులో పెడుతుంటే అమ్మ వంటగదిలోంచి పిలిచింది. కొత్త క్యాలెండర్ మేకు నుంచి తీసి బల్ల మీద పరిచి, కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది.

"ఈ ఏడు మీ టైము ఎప్పుడు మారుతుంది?"

ఏప్రిల్ 6 అన్నాను. కాగితం తిప్పింది. "శ్రీరామనవమి రోజే" అంది, సంతోషంగా. గడిలో చోటు చూసుకుని పెన్నుతో రాసింది. అక్టోబర్ 5 అన్నాను, అదీ రాసింది. తర్వాత వెనక్కి తిప్పి జూన్ దగ్గర ఆగింది.

"ఎన్నో తారీకు?"

"టికెట్ ఇంకా కొనలేదమ్మా. రెండో వారంలో అనుకుంటున్నా."

సరేనంది. పెన్ను మూత పెట్టి పక్కన ఉంచి, మనవడి సంచిలోంచి పెన్సిల్ తీసుకుంది.